మెడిసిన్ సీటు: కలిసేదెవరిని, అడగాల్సిందేమిటి

మెడిసిన్‌లో చేరాలనుకునే విద్యార్థి ఇంటికి నీట్ ఫలితాలకు ముందూ తర్వాతా చాలామంది ప్రతినిధులు వస్తారు, లేదా ఆ కుటుంబమే వాళ్ల దగ్గరికి వెళ్తుంది. వాళ్లలో జూనియర్ కాలేజీ పీఆర్వో, లాంగ్ టర్మ్ కోచింగ్ సెంటర్ కౌన్సెలర్, ప్రైవేటు మెడికల్ కాలేజీ అడ్మిషన్ల ఆఫీసు ఉద్యోగి, విదేశీ యూనివర్సిటీ పేరుతో తిరిగే కన్సల్టెన్సీ మనిషి ఉంటారు. హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట పట్టణాల్లో ఇంట్లో మొదటిసారి డాక్టర్ చదువు చదవబోయే పిల్లలకు ఈ పలకరింపులే ప్రధాన సమాచారం. వీళ్లలో సీటు ఇచ్చే అధికారం ఒక్కరికీ లేదు. ఈ ఒక్క విషయం ముందే తెలిస్తే, ఎవరిని ఎందుకు కలవాలో, కలిసినప్పుడు ఏం అడగాలో సగం తేలిపోతుంది.

సీటు ఇలా ఏ మనిషి చేతిలోనూ లేకపోవడానికి, మన దేశంలో ఎంబీబీఎస్ ప్రవేశాల్లో ఇంటర్వ్యూ దాదాపు కనిపించకపోవడానికి కారణం ఉంది. ఒకప్పుడు కొన్ని రాష్ట్రాల్లో ఇంటర్వ్యూ మార్కులే సీటు తేల్చేవి. తమిళనాడు వైద్య కళాశాలల్లో అలా జరిగిన ఎంపికను పెరియకరుప్పన్ కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. 1980లో అజయ్ హసియా తీర్పులో మౌఖిక పరీక్షకు మొత్తం మార్కుల్లో 15 శాతానికి మించి ఇవ్వకూడదని చెప్పింది. అది ఇంజినీరింగ్ కాలేజీ కేసే అయినా, ఎదురుగా కూర్చున్నవాడి ఇష్టాయిష్టాల మీద వృత్తివిద్య సీటు ఆధారపడకూడదన్న ఆలోచన దానితో గట్టిపడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎంసెట్, 2016 తర్వాత దేశమంతటా నీట్ ఆ ఆలోచనకే రూపాలు. పల్లెటూరి పిల్లవాడి మాట తీరు, బట్టలు, ఇంటిపేరు చూడకుండా ర్యాంకు మాత్రమే చూసే పద్ధతి ఇది. దీనికి ఎన్ని లోపాలున్నా, హుజూర్‌నగర్ లాంటి ఊళ్ల పిల్లలకు ఇది పెద్ద రక్షణ.

తెలంగాణలో సీట్ల కేటాయింపు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం చేతిలో ఉంటుంది. ప్రభుత్వ కాలేజీల్లోని 15 శాతం ఆలిండియా కోటా సీట్లు, ఎయిమ్స్, డీమ్డ్ యూనివర్సిటీల సీట్లు ఢిల్లీలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ చూస్తుంది. రెండు చోట్లా విధానం దాదాపు ఒకటే. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయాలి, మెరిట్ జాబితాలో పేరు చూసుకోవాలి, వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి. కంప్యూటర్ ర్యాంకు, రిజర్వేషన్, స్థానికత చూసి సీటు కేటాయిస్తుంది. ఆ తర్వాతే విద్యార్థి అలాట్‌మెంట్ ఉత్తర్వుతో, ఒరిజినల్ సర్టిఫికెట్లతో కాలేజీ ప్రిన్సిపాల్ ముందుకు వెళ్తాడు. అప్పటికి నిర్ణయం అయిపోయి ఉంటుంది. కాలేజీ చేసేది కాగితాలు సరిచూడటం, ఫీజు కట్టించుకోవడం, చేర్చుకోవడం.

కాబట్టి కౌన్సెలింగ్ కాలంలో నిజంగా అవసరమైన ప్రతినిధి యూనివర్సిటీ హెల్ప్‌లైన్ సిబ్బందే. కుల ధ్రువపత్రంలో పేరు టెన్త్ మెమోలోని పేరుతో కలవకపోయినా, ఆదాయ పత్రం గడువు దాటినా, దివ్యాంగుల లేదా ఎన్‌సీసీ కోటా పరిశీలనకు ఎక్కడికి రావాలో తెలియకపోయినా వాళ్లనే అడగాలి. ఫోన్‌లో విన్న మాటను ఈమెయిల్‌లో మళ్లీ అడిగి జవాబు దాచుకోవడం మంచిది. ఇక్కడ చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. లాగిన్ వివరాలు, ఫోన్‌కొచ్చే ఓటీపీ నెట్ సెంటర్‌కో, తెలిసిన కన్సల్టెన్సీకో ఇచ్చేసి ఆప్షన్లు వాళ్లనే పెట్టమంటారు. ఆప్షన్ల వరసే సీటును తేలుస్తుంది. ఒక కాలేజీ పైకి, ఒకటి కిందికి జరిగితే ఫలితం మారిపోతుంది. కాలేజీల వారీగా గత ఏడాది ఏ ర్యాంకు దాకా సీటొచ్చిందో తెలిపే కేటాయింపు జాబితాలను యూనివర్సిటీయే తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. వాటిని ముందేసుకుని విద్యార్థి తానే కూర్చుంటే ఏ కౌన్సెలరూ చెప్పనంత స్పష్టంగా తన స్థానం తెలుస్తుంది.

ఈ ప్రాంతానికి సొంత ప్రభుత్వ వైద్య కళాశాల 2019లో వచ్చింది. సూర్యాపేట, నల్లగొండ కాలేజీలు రెండూ ఆ ఏడాదే 150 సీట్ల చొప్పున మొదలయ్యాయి. ఆ తర్వాత 2022లో ఎనిమిది, 2023లో తొమ్మిది, 2024లో ఎనిమిది ప్రభుత్వ కాలేజీలు రాష్ట్రంలో తెరుచుకున్నాయి. ప్రభుత్వ కాలేజీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి 10 వేలు. ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా సీటుకు, అంటే తక్కువ ఫీజు సీటుకు, 60 వేలు. ఈ రెండు అంకెలూ గుర్తున్న తల్లిదండ్రులకు ప్రతినిధి చెప్పే మిగతా అంకెలు ఎక్కడి నుంచి పుట్టాయో అడగడం తేలిక.

అయితే హుజూర్‌నగర్, కోదాడ పిల్లల విషయంలో అసలు ముఖ్యమైన భేటీ నీట్ తర్వాత జరగదు. అది రెండేళ్లకు పైగా ముందే, పదో తరగతి పరీక్షలు కూడా రాయకముందే, జూనియర్ కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చినప్పుడు జరుగుతుంది. కోదాడ సరిహద్దు పట్టణం. జాతీయ రహదారి మీద విజయవాడ హైదరాబాద్‌కంటే దగ్గర. విజయవాడ, గుంటూరు హాస్టళ్లలో పిల్లలను ఇంటర్ చదివించడం ఇక్కడ చాలాకాలంగా ఉన్న అలవాటు. రాష్ట్రం ఒకటిగా ఉన్నప్పుడు, విభజన తర్వాత పదేళ్లపాటు కూడా ఆ అలవాటు వల్ల పెద్దగా ఇబ్బంది రాలేదు. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం జీవో 33తో స్థానికత నిబంధనలు మార్చింది. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా, తెలంగాణలో చదివినవారే స్థానికులు. దాని మీద కేసులు పడ్డాయి. ఆ సెప్టెంబరులో హైకోర్టు రాష్ట్ర శాశ్వత నివాసులకు ఊరటనిచ్చింది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును పక్కనపెట్టి ప్రభుత్వ నిబంధననే సమర్థించింది. ఉద్యోగరీత్యా రాష్ట్రం బయట పనిచేసే కొన్ని వర్గాల ప్రభుత్వ, సైనిక ఉద్యోగుల పిల్లలకు మినహాయింపులున్నాయి. సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసుకునే రైతు బిడ్డకు, మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ కార్మికుడి బిడ్డకు ఆ మినహాయింపులు వర్తించవు.

దీని అర్థం చాలా కఠినంగా ఉంటుంది. తాతముత్తాతల నుంచి హుజూర్‌నగర్‌లోనే ఉన్న కుటుంబంలోని అమ్మాయి రెండేళ్లు కృష్ణా జిల్లాలో ఇంటర్ చదివితే తెలంగాణలో స్థానికురాలు కాకుండాపోతుంది. రెండేళ్ల చదువుతో ఆంధ్రప్రదేశ్‌లోనూ స్థానికురాలు కాదు. తన జిల్లా కేంద్రంలోని కాలేజీలోనే కన్వీనర్ సీటుకు ఆమె పోటీ పడలేదు. పీఆర్వో కాలేజీ ర్యాంకుల గురించి, ఏసీ గదుల గురించి, ఫీజు తగ్గింపు గురించి చెబుతాడు. ఈ సంగతి చెప్పాల్సిన బాధ్యత అతని మీద లేదు కాబట్టి తల్లిదండ్రులే అడగాలి. అడ్మిషన్ ఏ రాష్ట్ర బోర్డు కింద ఉంటుంది? హాల్‌టికెట్ ఏ బోర్డుది వస్తుంది? స్టడీ సర్టిఫికెట్ ఏ కాలేజీ కోడ్‌తో, ఏ ఊరి చిరునామాతో ఇస్తారు? పేరు ఒక చోట నమోదు చేసి చదువు మరోచోట చెప్పే ఏర్పాటుకు ఒప్పుకుంటే, రేపు పరిశీలనలో నష్టపోయేది విద్యార్థే. నాలుగేళ్ల లెక్క ఇంటర్‌తో ముగుస్తుంది. ఇంటర్ పూర్తయ్యాక లాంగ్ టర్మ్ కోసం ఎక్కడికి వెళ్లినా ఆ లెక్క చెడదు.

ప్రైవేటు మెడికల్ కాలేజీల ప్రతినిధులతో భేటీ మరో తీరు. మైనారిటీయేతర ప్రైవేటు కాలేజీల్లో సగం సీట్లు కన్వీనర్ కోటా. 35 శాతం మేనేజ్‌మెంట్ కోటా, వాడుకలో బి కేటగిరీ. 15 శాతం ఎన్నారై కోటా, అంటే సి కేటగిరీ. బి కేటగిరీ ఫీజు ఏడాదికి సుమారు పదకొండున్నర లక్షల నుంచి మొదలవుతుంది. సి కేటగిరీకి దానికి రెట్టింపు దాకా ఉంటుంది. మేనేజ్‌మెంట్ అన్న మాట విని ఈ సీట్లు యాజమాన్యం చేతిలో ఉంటాయని చాలామంది అనుకుంటారు. అది పాత మాట. బి, సి కేటగిరీలకు కూడా నీట్ అర్హత, యూనివర్సిటీ నోటిఫికేషన్, వెబ్ ఆప్షన్లు, మెరిట్ వరస తప్పవు. 2022 నుంచి బి కేటగిరీలో 85 శాతం సీట్లు తెలంగాణ విద్యార్థులకే కేటాయించారు. ఫీజు ఎంతో తేల్చేది రాష్ట్ర ప్రవేశాల, ఫీజుల నియంత్రణ కమిటీ, ప్రభుత్వం.

అందువల్ల నీట్ ఫలితాలు రాకముందే అడ్వాన్స్ కడితే బి కేటగిరీ సీటు బ్లాక్ చేస్తామనే మాటకు చట్టంలో చోటు లేదు. నిర్ణీత ఫీజుకు మించి వసూలు చేయడాన్ని ఉమ్మడి రాష్ట్రంలోనే 1983 నాటి క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం నేరంగా ప్రకటించింది. అయినా దళారులు పోలేదు. 2022లో కాళోజీ యూనివర్సిటీయే వరంగల్ పోలీసులకు ఫిర్యాదు చేసింది. మంచి ర్యాంకులున్న ఇతర రాష్ట్రాల అభ్యర్థుల పేర్లతో పీజీ సీట్లకు దరఖాస్తు చేయించి, చివర్లో వదిలించి, మిగిలిపోయిన సీట్లను వేరే దారిలో నింపుతున్నారన్నది అనుమానం. ఆ వ్యవహారాన్ని తర్వాత ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ కూడా దర్యాప్తు చేసింది. సర్టిఫికెట్ల నకళ్లు ఎవరికి పడితే వారికి ఇవ్వకూడదన్న హెచ్చరిక ఈ కేసులోనే ఉంది. మార్కుల మెమో, ఆధార్, నీట్ అప్లికేషన్ నంబరు మూడూ ఒకరి చేతికి చిక్కితే, ఆ పేరుతో ఏం నమోదవుతుందో కుటుంబానికి తెలియదు.

ప్రైవేటు కాలేజీ ఆఫీసులో అడగాల్సినవి వేరే ఉన్నాయి. ట్యూషన్ ఫీజు కాక హాస్టల్, మెస్, లైబ్రరీ, పరీక్షల ఫీజులు ఎంత? ఏటా పెరుగుతాయా? నాలుగున్నరేళ్ల కోర్సుకు ఎన్నేళ్ల ఫీజు తీసుకుంటారు? బ్యాంకు గ్యారంటీ అడుగుతారా? మధ్యలో సీటు వదిలితే బాండ్ ప్రకారం ఎంత కట్టాలి? హౌస్ సర్జన్లకు స్టైపెండ్ ఎంత, నిజంగా ఇస్తున్నారా? చివరి ప్రశ్నకు జవాబు ఆఫీసులో దొరకదు. క్యాంటీన్ దగ్గరో హాస్టల్ దగ్గరో సీనియర్లను అడిగితే దొరుకుతుంది.

వీలైతే కాలేజీకి వెళ్లేటప్పుడు పనిరోజు ఉదయం వెళ్లాలి. అడ్మిషన్ల గదికి ముందు ఓపీ చూడాలి. జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) 2023 ప్రమాణాల ప్రకారం 100 సీట్ల కాలేజీకి 420, 150 సీట్ల కాలేజీకి 605 పడకల ఆసుపత్రి ఉండాలి. పడకలుంటే సరిపోదు, వాటి మీద రోగులుండాలి. రోగిని తాకి, మాట్లాడి, పరీక్షించి నేర్చుకునే చదువు ఇది. భవనం ఎంత మెరిసినా వార్డు ఖాళీగా ఉంటే డాక్టర్ తయారు కాడు. సూర్యాపేట, నల్లగొండ లాంటి జిల్లా కేంద్రాల పాత ప్రభుత్వ ఆసుపత్రులను బోధనాసుపత్రులుగా మార్చినచోట రోగులకు కొదవ ఉండదు. అక్కడ అడగాల్సింది అధ్యాపకుల గురించి: ఏ విభాగంలో ప్రొఫెసర్ పోస్టులు ఖాళీగా ఉన్నాయి, హాస్టల్ సొంతదా, అద్దెదా.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైంది విదేశీ ఎంబీబీఎస్ ప్రతినిధులతో. నీట్‌లో అర్హత మార్కులొచ్చి సీటు రాని విద్యార్థులు వేలల్లో ఉంటారు. బి కేటగిరీ ఫీజు భరించలేని మధ్యతరగతి కుటుంబానికి కిర్గిజ్‌స్థాన్, కజకస్థాన్, ఉజ్బెకిస్థాన్, రష్యా, జార్జియా, ఫిలిప్పీన్స్ పేర్లు ఆశ కలిగిస్తాయి. ఆ ఆశ తప్పు కాదు. అక్కడ చదివి వచ్చి బాగా పనిచేస్తున్న డాక్టర్లు మన జిల్లాల్లో ఉన్నారు. కానీ హోటల్ హాల్లో సెమినార్ పెట్టే మనిషి సాధారణంగా యూనివర్సిటీ ఉద్యోగి కాదు. ఒక్కో అడ్మిషన్‌కు కమిషన్ తీసుకునే ఏజెంటు, చాలాసార్లు ఏజెంటు కింద ఏజెంటు. అందుకే మొదటి ప్రశ్న ఇదే కావాలి: యూనివర్సిటీ మీకు ఇచ్చిన అధికార పత్రం ఏది, అందులో మీ సంస్థ పేరుందా? ఆ తర్వాత యూనివర్సిటీ అధికారిక వెబ్‌సైట్‌లోని అంతర్జాతీయ విద్యార్థుల విభాగానికి నేరుగా ఈమెయిల్ రాసి అదే అడగాలి.

ఎన్‌ఎంసీ గుర్తింపు ఉన్న విదేశీ కాలేజీ అనే మాట బ్రోచర్లలో తరచూ కనిపిస్తుంది. జాతీయ వైద్య కమిషన్ విదేశీ కాలేజీలను ఆమోదించదు, ఆమోదిత జాబితా ఏదీ ప్రకటించదు. అది చెప్పేది షరతులు మాత్రమే. 2021 నవంబరు 18న వచ్చిన నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. ఆపైన అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి. బోధన ఇంగ్లిష్‌లో జరగాలి. చదువులో ఏ భాగమూ మరో దేశంలో జరగకూడదు. చదివిన దేశంలో అక్కడి పౌరులతో సమానంగా వైద్యం చేసే లైసెన్సుకు అర్హత రావాలి. చేరిన నాటి నుంచి పదేళ్లలో అంతా పూర్తికావాలి. తిరిగొచ్చాక స్క్రీనింగ్ పరీక్ష రాయాలి, ఇక్కడ మరో 12 నెలలు ఇంటర్న్‌షిప్ చేయాలి. బయలుదేరే ముందు నీట్‌లో అర్హత సాధించి ఉండటం 2018 నుంచి తప్పనిసరి.

ప్రతినిధి చెప్పే ప్రతి మాటనూ ఈ షరతులతో పోల్చి చూడాలి. ఫిలిప్పీన్స్‌లో ముందు బీఎస్, ఆ తర్వాత నాలుగేళ్ల ఎండీ ఉంటుంది. నాలుగేళ్లంటే 48 నెలలే కాబట్టి 54 నెలల నిబంధన వచ్చాక ఆ దారిలో వెళ్లిన పిల్లలు చిక్కుల్లో పడ్డారు. కరీబియన్ దీవుల్లో రెండేళ్లు, అమెరికా ఆసుపత్రుల్లో రెండేళ్లు అనే ప్యాకేజీ అమెరికాలో స్థిరపడాలనుకునేవారికి పనికిరావచ్చు. మరో దేశంలో శిక్షణ కుదరదన్న నిబంధన వల్ల ఇండియాలో ప్రాక్టీసుకు అది అడ్డంకి అవుతుంది. ఇంగ్లిష్ మీడియం అన్న హామీ మొదటి రెండేళ్లకేనా, చివరిదాకానా అని అడగాలి. రోగులు మాట్లాడేది రష్యనో, కిర్గిజో, జార్జియనో. ఆ భాష రాకపోతే క్లినికల్ తరగతుల్లో విద్యార్థి వెనక నిలబడి చూడటమే మిగులుతుంది. స్థానిక భాష ఎన్ని నెలలు, ఎవరు నేర్పుతారన్నది ఫీజుకంటే ముందు అడగదగిన ప్రశ్న.

స్క్రీనింగ్ పరీక్ష 2002 నుంచి జరుగుతోంది. 300 మార్కులకు 150 రావాలి. ఇటీవలి సంవత్సరాల్లో చాలాసార్లు గట్టెక్కినవారు మూడో వంతు కూడా లేరు. మా యూనివర్సిటీలో నూటికి తొంభై మంది పాసవుతున్నారని ప్రతినిధి చెబితే ఆ లెక్క ఏ ఏడాదిదో, ఎంతమంది రాస్తే ఎంతమంది పాసయ్యారో కాగితం మీద రాసివ్వమనాలి. పరీక్ష నిర్వహించే జాతీయ పరీక్షల మండలి కొన్ని సంవత్సరాలకు దేశాల వారీగా, సంస్థల వారీగా ఫలితాలు ప్రచురించింది. వాటిలో ఆ కాలేజీ పేరు వెతికితే నిజం తెలుస్తుంది. ఆ కాలేజీలో అయిదో ఏడాది చదువుతున్న తెలుగు విద్యార్థితో, ప్రతినిధి పక్కన లేనప్పుడు, వీడియో కాల్‌లో మాట్లాడటం ఏ బ్రోచర్ కన్నా మేలు.

డబ్బు విషయంలో సూత్రం సులువు. ట్యూషన్ ఫీజు విద్యార్థి కుటుంబం బ్యాంకు ద్వారా నేరుగా యూనివర్సిటీ ఖాతాకు పంపాలి. రిజర్వు బ్యాంకు నియమాల కింద విదేశీ చదువుకు ఈ వెసులుబాటు ఉంది, రసీదు మిగులుతుంది. కన్సల్టెన్సీకి ఇచ్చేది దాని సేవా రుసుము మాత్రమే, అదీ రసీదుతో. ఆరేళ్ల ప్యాకేజీ మొత్తం రూపాయల్లో చెప్పినా యూనివర్సిటీ తీసుకునేది డాలర్లలో. రూపాయి పడిపోతే ఎవరు భరిస్తారో అడగాలి. హాస్టల్, భోజనం, వీసా పొడిగింపు, బీమా, ప్రయాణాలు, తిరిగొచ్చాక స్క్రీనింగ్ కోచింగ్ ఖర్చు కలిపితే మొదట విన్న అంకె చాలా పెరుగుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు ఏ కన్సల్టెన్సీ బీరువాలోనూ ఉండకూడదు.

చదవబోయే దేశం పరిస్థితి కూడా అడగదగినదే. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యాక ఉక్రెయిన్ నుంచి వేలమంది భారతీయ వైద్య విద్యార్థులను ఆపరేషన్ గంగ కింద తీసుకురావాల్సి వచ్చింది. వాళ్లలో తెలుగు రాష్ట్రాల పిల్లలు వందల్లో ఉన్నారు. 2024 మేలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద దాడులు జరిగాయి. అలాంటి సమయంలో ఏజెంటు బాధ్యత ఎంతవరకు అన్నది ఒప్పందంలో లేకపోతే, అది లేనట్టే.

ప్రతినిధుల ముందు కూర్చుని తనను తాను నిరూపించుకోవాల్సిన చోట్లు కూడా కొన్ని ఉన్నాయి. పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాల వాటిలో ముఖ్యమైనది. నీట్ ర్యాంకుతో వడపోసిన వారిని అక్కడికి పిలిచి ఇంగ్లిష్, తార్కిక సామర్థ్యాల పరీక్ష, మానసిక అంచనా, ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష పెడతారు. 115 మంది అబ్బాయిలకు, 30 మంది అమ్మాయిలకు సీట్లుంటాయి. చదువయ్యాక బాండ్ ప్రకారం సైన్యంలో సేవ చేయాలి. ఆ ఇంటర్వ్యూలో అడిగేది సేవకు సిద్ధపడ్డావా అన్నదే కాబట్టి, ఆ బాండ్ గురించి పూర్తిగా చదువుకుని వెళ్లడమే తయారీ. నీట్ రాకముందు వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ కూడా విద్యార్థులను ఎంచుకోవడంలో ఇంటర్వ్యూలు పెట్టేది.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఇంటర్వ్యూ తప్పదు. అక్కడ డిగ్రీ తర్వాతే మెడికల్ స్కూల్. ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష మార్కులు, దరఖాస్తు చూసి పిలిచిన వారిని అధ్యాపకులు, సీనియర్ విద్యార్థులు కలుస్తారు. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో పుట్టిన బహుళ చిన్న ఇంటర్వ్యూల పద్ధతి ఇప్పుడు అమెరికా, బ్రిటన్‌లలో చాలాచోట్ల ఉంది. ఒక్కో గదిలో కొద్ది నిమిషాలు, ఒక్కో గదిలో ఒక్కో సమస్య. అక్కడి స్కూళ్ల అడ్మిషన్ల ప్రతినిధులు మేళాల్లో, ఆన్‌లైన్ సమావేశాల్లో విద్యార్థులతో మాట్లాడతారు. వాళ్లు కమిషన్ ఏజెంట్లు కాదు, స్కూలు ఉద్యోగులు. వెబ్‌సైట్‌లో ఉన్నదే మళ్లీ అడిగితే వాళ్ల దగ్గర మంచి అభిప్రాయం మిగలదు. ఏ రకం రోగులను ఎప్పటి నుంచి చూస్తాం, పరిశోధనకు ఎవరు దారి చూపుతారు లాంటి ప్రశ్నలు విలువైనవి.

ఎవరిని కలిసినా ఆ రోజే ఒక కాగితం మీద తేదీ, మనిషి పేరు, సంస్థ, చెప్పిన ఫీజు, ఇచ్చిన హామీ రాసుకోవాలి. వాట్సాప్‌లో అదే విషయాన్ని వాళ్లకు పంపి అవునా కాదా అని అడిగితే జవాబే సాక్ష్యమవుతుంది. సీటు ఇప్పిస్తామని డబ్బు తీసుకుని మోసం చేస్తే 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. మొదటి గంటల్లో చెబితే బ్యాంకు ఆ సొమ్మును నిలిపేసే అవకాశం ఎక్కువ. కాలేజీ నిర్ణీత ఫీజుకు మించి అడిగితే రసీదు, సంభాషణ వివరాలతో యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు, ఫీజుల నియంత్రణ కమిటీకి రాతపూర్వకంగా రాయాలి. రెండు చోట్లకూ పంపిన దరఖాస్తు నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోవాలి.